బిల్లు ఒకటే, లెక్క నాలుగు చోట్లది

మొన్న ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతోందట. మూడు హాస్టళ్ళున్న ఒకాయన, మూడింటికీ నెలంతా పచ్చళ్ళూ పొడులూ పంపమన్నాడట. "సరుకు మూడు చోట్లకి వెళ్ళాలి, డబ్బు ఇచ్చేది మాత్రం ఒక్కరే. మూడు బిల్లులు రాయాలా, ఒకటి చాలా అక్కయ్యా?" అని అడిగింది.

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దీనికి జవాబు తెలియక నేను ఏడు వారాలపాటు కంటినిండా నిద్రపోలేదు. నా నిద్ర పోతే పోయింది, ఏ పాపం ఎరగని ఒక కుర్రాడి జీతంలో కోత పడింది. అందుకని ఈ వారం వంటలు పక్కన పెట్టి ఈ లెక్కల సంగతే చెప్తాను. ఇంట్లో ఏదో ఒకటి చేసి అమ్మే మనలాంటి వాళ్ళకి, కాచిన నెయ్యి కంటే రాసిన చీటీయే ఎక్కువ అక్కరకొస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పాలవాడి లెక్క మనకెవరూ నేర్పలేదు. క్యాలెండరు మీద తేదీ పక్కన "1 లీ", "అర" అని గీసుకుంటాం. నెలాఖరుకి కూడేసి ఇచ్చేస్తాం. ఒక ఇల్లు, ఒక పాలవాడు, ఇబ్బందేం లేదు. అదే పాలవాడు మన ఇంటికీ, అత్తగారింటికీ, ఆడపడుచు ఇంటికీ పోసి, మూడిళ్ళకీ కలిపి ఒకే లెక్క మన వారి చేతిలో పెడితే? "మా చెల్లెలింట్లో ఈ నెల వారం రోజులు ఊళ్ళో లేరు, ఇంత ఎలా అయింది?" అని ఆయన అడగరూ? పాలవాడు ఏం చెప్తాడు? "పోశానండీ" అంటాడు. ఎక్కడ, ఏ రోజు, ఎవరి గిన్నెలో అంటే చెప్పలేడు. నేనూ సరిగ్గా ఆ పాలవాడిలాగే చేశాను.

మాది తెనాలి. జంతికలు, చేగోడీలు, సున్నుండలు, కందిపొడి చేసి పాకెట్లు కట్టి అమ్ముతాను. నాకు తోడుగా ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. మొదట్లో చుట్టుపక్కల ఇళ్ళకే ఇచ్చేదాన్ని. తర్వాత పిండివంటల షాపులున్న ఒకాయన రుచి చూసి, తన నాలుగు షాపులకీ వెయ్యమన్నాడు. గుంటూరులో రెండు, ఒకటి బ్రాడీపేటలో, ఒకటి అరండల్‌పేటలో. మంగళగిరిలో ఒకటి, విజయవాడలో ఒకటి. లెక్కలన్నీ బ్రాడీపేట షాపు మేడమీద కూర్చునే గుమాస్తాగారు చూస్తారు.

ఆ గుమాస్తాగారే మొదటి రోజు చెప్పారు. "అమ్మా, షాపు షాపుకీ బిల్లంటే మాకు తలనొప్పి. నెలకి ఒకటే బిల్లివ్వండి, ఒకేసారి ఖాతాలో వేసేస్తాం." నాకూ అది హాయిగానే అనిపించింది. ఒక్క కాగితం రాస్తే పోతుంది కదా!

అలా మూడు నెలలు బాగానే నడిచింది. నాలుగో నెల నేనిచ్చిన బిల్లు ఇదీ: జంతికలు 120 పాకెట్లు, 150 చొప్పున 18,000. చేగోడీలు 80, 150 చొప్పున 12,000. సున్నుండలు 60, 260 చొప్పున 15,600. కందిపొడి 40, 110 చొప్పున 4,400. మొత్తం సరిగ్గా 50,000. యాభై వేల బిల్లు రాయడం అదే మొదటిసారి. మా వారికి చూపించి మురిసిపోయాను కూడా.

వారం తర్వాత గుమాస్తాగారు ఫోను. "అమ్మా, అరండల్‌పేట షాపుకి సున్నుండలు 12 పాకెట్లు రాలేదంటున్నారు. అది తేలేదాకా బిల్లు పక్కన పెట్టమన్నారు అయ్యగారు." పన్నెండు పాకెట్లంటే 3,120 రూపాయలు. ఆగిపోయింది మాత్రం మొత్తం యాభై వేలు! ఎందుకంటే నా బిల్లులో ఏ షాపుది ఎంతో లేదు. ఉన్నది ఒకే ముద్ద. దాంట్లోంచి ఏది ఇవ్వాలో, ఏది ఆపాలో వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను పంపాను. మీ షాపులో సరుకు దించుకునే కుర్రాడినే అడగండి" అనేశాను. ఆటో అబ్బాయిని అడిగితే "గుంటూరు సరుకంతా దింపేశానమ్మా" అన్నాడు. ఇంకేముంది, నా మాటే నిజమనుకున్నాను.

చూస్తూ చూస్తూ ఏడు వారాలు గడిచాయి. మినప్పప్పు కొట్టులో బాకీ, నెయ్యి ఇచ్చేవాళ్ళకి బాకీ. నా దగ్గర పనిచేసే ఇద్దరికీ జీతాలు ఆపలేను కదా, నా రెండు గాజులు తాకట్టు పెట్టి ఇచ్చాను. ఇంక ఉండలేక ఒకరోజు బస్సెక్కి గుంటూరు వెళ్ళి అరండల్‌పేట షాపులో అడుగుపెట్టాను. ఆ కుర్రాడు నన్ను చూసి స్టూలు వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. మా పెద్దబ్బాయి కంటే చిన్నవాడు. తల వంచుకుని, "సున్నుండల డబ్బులు నా జీతంలో పట్టుకుంటున్నారమ్మా. పోయిన నెల 1,560 పట్టారు, వచ్చే నెల మిగతాది. నేను తీయలేదమ్మా" అన్నాడు.

నేను గుమాస్తాగారితో ఫోనులో ఒక్క క్షణంలో అనేసిన మాట, ఆ కుర్రాడి ఇంట్లో నెల సరుకుల మీద పడిందన్నమాట. ఇచ్చిన నీళ్ళు తాగలేకపోయాను.

ఇంటికొచ్చి పాత క్యాలెండరు తీశాను. రోజూ చేసినవి అందులో గీసుకోవడం నాకలవాటు. పద్నాలుగో తేదీ గడిలో "సు 24 గుం" అని ఉంది. ఇరవై నాలుగు సున్నుండల పాకెట్లు, గుంటూరు. అంతే! బ్రాడీపేటకి 12, అరండల్‌పేటకి 12 అని నాకు మనసులో తెలుసు. కాగితం మీద లేదు. ఆటో అబ్బాయిని కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాను. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. "ఆ రోజు అరండల్‌పేట షట్టరు ఎత్తలేదమ్మా. నాకు ఇంకో బేరం ఉంది. రెండు షాపులవీ బ్రాడీపేటలోనే దింపాను, వాళ్ళు పంపిస్తామన్నారు. రెండూ గుంటూరేగా అనుకున్నాను."

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. బ్రాడీపేట షాపు అమ్మకాల పుస్తకం తీయించాం. ఆ నెలలో వాళ్ళు అడిగినవి 20 పాకెట్లు, అమ్మినవి 32. పెళ్ళిళ్ళ రోజులు, వచ్చినవి వచ్చినట్టే అమ్ముడైపోయాయి. ఎవరూ తీయలేదు, ఎవరూ తినలేదు. సరుకు ఒక షాపు బదులు ఇంకో షాపులో అమ్ముడుపోయింది, అంతే.

షాపు యజమానికి జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆయన కోప్పడలేదు కానీ ఒక మాటన్నాడు. "ఎక్కడ ఎన్ని దించారో పంపిన మీకే తెలియకపోతే, కూర్చున్న నాకెలా తెలుస్తుందమ్మా?" ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కుర్రాడి 1,560 ఆ సాయంత్రమే తిరిగి ఇప్పించాను. నా డబ్బు రెండు రోజుల్లో ఖాతాలో పడింది.

బిల్లు మళ్ళీ రాసిచ్చాను. ఈసారి ఇలా:

బ్రాడీపేట షాపు – 19,170
అరండల్‌పేట షాపు – 9,640
మంగళగిరి షాపు – 8,210
విజయవాడ షాపు – 12,980
మొత్తం – 50,000

చూశారా, మొత్తం మారలేదు. అదే యాభై వేలు. ఈ నాలుగు వరుసలూ మొదటి రోజే రాసుంటే ఏడు వారాల ఏడుపు ఉండేది కాదు.

ఇప్పుడు ఆ చెల్లెలి ప్రశ్నకి జవాబు. డబ్బు ఒక్కరే ఇస్తే బిల్లు ఒకటే ఉండొచ్చమ్మా. కానీ ఆ ఒక్క బిల్లూ ఏ చోటి లెక్క ఆ చోటికి విడివిడిగా చూపించాలి. దానికి నేను ఇప్పుడు చేస్తున్న పద్ధతి చెప్తాను, కావాలంటే కత్తిరించి దాచుకోండి.

మొదటిది, ఒప్పుకునే ముందే డబ్బు ఎవరు ఇస్తారో అడగండి. బోర్డు ఒకే పేరుతో ఉన్నా అన్ని షాపులూ ఒకరివే కాకపోవచ్చు. ఒకటి తమ్ముడి పేరున ఉండొచ్చు, ఒకటి పేరు వాడుకోడానికి డబ్బు కట్టి వేరేవాళ్ళు నడుపుతుండొచ్చు. యజమానులు వేరైతే బిల్లులూ వేరే. ఒకాయనే అయితే, బిల్లు పైన ఆయన పేరూ చిరునామా రాసి, కింద "సరుకు చేర్చిన చోట్లు" అని ఒక్కొక్కటీ రాయండి.

రెండోది, ప్రతి చోటికీ ఒక గుర్తు పెట్టండి. "గుంటూరు షాపు" అని ఎప్పుడూ రాయకండి. నేను బ్రా, అరం, మం, వి అని పెట్టుకున్నాను. పాకెట్లు సర్దిన డబ్బా మీద కూడా అదే గుర్తు పెద్ద అక్షరాలతో రాస్తాను. ఆటో అబ్బాయి దాన్ని చూసే దింపుతాడు. షట్టరు ఎత్తకపోతే నాకు ఫోను చెయ్యాలి కానీ పక్క షాపులో దింపకూడదని ఖచ్చితంగా చెప్పాను.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, చీటీ పుస్తకం. స్టేషనరీ కొట్లో నంబర్లు అచ్చువేసినవి, కార్బన్ కాపీవి దొరుకుతాయి. ఏ షాపుకి ఆ షాపు చీటీ వేరు. తేదీ, షాపు గుర్తు, ఏ వస్తువు ఎన్ని పాకెట్లు, అంతే. ధర అక్కర్లేదు. దించుకున్నవాళ్ళు లెక్కపెట్టి, పేరు రాసి సంతకం పెట్టాలి. పైకాగితం వాళ్ళకి, కార్బన్ కాపీ మనకి. నేను 24 రాసి 22 చేరితే, సంతకం పెట్టే ముందే "22 చేరినవి" అని అక్కడే రాయమంటాను. తేడా ఏదైనా అక్కడికక్కడే తేలాలి. నెల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? ఈ సంతకం మన కోసం మాత్రమే కాదు. దించుకున్న కుర్రాడికి కూడా అదే రక్ష.

నాలుగోది, ఆ సాయంత్రమే చీటీలన్నీ ఫోటో తీసి గుమాస్తాగారికి వాట్సాప్‌లో పంపేస్తాను. నెలాఖరుకి ఆయనకి కొత్త సంగతంటూ ఏదీ ఉండదు.

అయిదోది, నెల బిల్లు. పైన ఒక వరస నంబరు, తేదీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో. తర్వాత షాపువారీగా చీటీ నంబర్లు, వస్తువులు, ధర, ఆ షాపు మొత్తం. చివర నాలుగు మొత్తాలూ కలిపిన పెద్ద మొత్తం. కార్బన్ చీటీలు షాపువారీగా కట్టగట్టి నా దగ్గరే ఉంచుకుంటాను. కూడడం రెండు రకాలుగా చెయ్యండి. షాపువారీగా ఒకసారి, వస్తువారీగా ఒకసారి. రెండూ ఒకే అంకె వస్తే బిల్లు సరైనదే. నా బిల్లే చూడండి, వస్తువారీగా కూడినా యాభై వేలే, షాపువారీగా కూడినా యాభై వేలే.

ఆరోది, ముందే మాట తీసుకోండి. "ఏ షాపులో తేడా వస్తే ఆ తేడా వచ్చిన సొమ్ము వరకే ఆపండి, మిగతాది ఇచ్చెయ్యండి" అని. నేను ఆ మాట బిల్లు కిందే రాస్తున్నాను. అప్పుడు అలా ఉండుంటే 3,120 ఆగేది, 46,880 చేతికొచ్చేది. గాజులు చేతికే ఉండేవి.

ఏడోది, అమ్ముడుపోక తిరిగొచ్చిన సరుకు. దానికీ చీటీ రాయండి, "వాపసు" అని, ఏ షాపు నుంచో గుర్తుతో. ఇచ్చేసిన బిల్లు మీద కొట్టివేతలు పెట్టకండి. వచ్చే నెల బిల్లులో ఆ షాపు కింద తగ్గించి చూపండి. అలాగే, యాభై వేలకి ముప్ఫై వేలు మాత్రం వేస్తే ఊరుకోకండి. "ఏ బిల్లుకి, ఏ షాపులవి జమ చేసుకోమంటారు?" అని అడిగి రాసుకోండి. లేకపోతే మూడు నెలలయ్యేసరికి ఎవరి బాకీ ఎంతో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఇంక చట్టం సంగతులు నాలుగు. మా పెద్దబ్బాయి బీకాం చదివాడు, వాడు చెప్తే తెలుసుకున్నాను.

తినే వస్తువులు అమ్మేవాళ్ళం బిల్లు మీద మన ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నంబరు, ఆ 14 అంకెలదీ, రాయాలి. 2022 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి.

జీఎస్టీ 2017 జూలైలో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో, రాష్ట్రం లోపలే సరుకు మాత్రమే అమ్ముకునేవాళ్ళకి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు బిల్లులో జీఎస్టీ అని వేసి వసూలు చెయ్యకూడదు. అయితే ఒక్క మెలిక ఉంది. మా షాపుల ఆయన ఖమ్మంలో ఇంకో షాపు తెరుస్తాను, అక్కడికీ పంపమన్నాడు. ఖమ్మం తెలంగాణ కదా! రాష్ట్రం దాటించి మనలాంటి వాళ్ళం పిండివంటలు అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా ముందు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలట. పైగా ఆ షాపుకి జీఎస్టీ నంబరు కూడా వేరే ఉంటుంది. ఆంధ్రావి 37తో మొదలవుతాయి, తెలంగాణవి 36తో. యజమాని ఒక్కడే అయినా ఖమ్మం సరుకు ఈ బిల్లులో కలపకూడదు, దానికి వేరే బిల్లే. అందుకని "ఆగండి, ఆడిటరుగారిని అడిగి చెప్తాను" అన్నాను. మీకు కూడా ఏదో ఒక చోటు రాష్ట్రం అవతల ఉంటే, పంపే ముందే అడగండి.

డబ్బు ఆలస్యం చేస్తే మనకీ ఒక చట్టం ఉంది. 2006లో చిన్న పరిశ్రమల కోసం వచ్చింది. ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకుంటే, అది ఉచితమే, కొన్నవాళ్ళు రాతపూర్వకంగా గడువు ఒప్పుకుంటే ఆ గడువులోగా ఇవ్వాలి. అది 45 రోజులకి మించకూడదు. రాతలో ఏమీ లేకపోతే 15 రోజుల్లోనే ఇవ్వాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. సరుకులో తేడా ఉందనుకుంటే 15 రోజుల్లోగా వాళ్ళు రాసి ఇవ్వాలి. మరి ఈ రోజులన్నీ ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? సరుకు చేర్చిన రోజు నుంచి. ఆ రోజు ఏదో చెప్పేది ఏది? తేదీ వేసి సంతకం పెట్టిన మన చీటీయే! అది లేకపోతే చట్టం ఉన్నా మనం చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇదంతా విని, ఇంత రాతకోత ఎవరు పడతారు అనుకుంటున్నారా? నాలుగు షాపులకీ చీటీలు రాయడానికి నాకు పట్టేది రోజూ పది నిమిషాలు. సున్నుండలు చుట్టేముందు మినప్పప్పు దోరగా వేగిందో లేదో ఓపిగ్గా చూస్తాం కదా, మంట కాస్త ఎక్కువైతే మాడువాసన మొత్తం పిండికి పడుతుందని. లెక్కా అంతే. ఒక్క చోట ఏమరితే నెల కష్టమంతా ఆగిపోతుంది.

మొన్న అరండల్‌పేట వెళ్ళినప్పుడు చూశాను. ఆ కుర్రాడు డబ్బా దించుకుని పైకి చదువుతూ లెక్కపెడుతున్నాడు. పన్నెండు దగ్గర ఆగి, నావైపు చూసి నవ్వి, సంతకం పెట్టాడు. నేనూ నవ్వాను కానీ ఆ 1,560 గుర్తొచ్చి మనసులో చివుక్కుమంది. ఎదుటివాళ్ళని అనేముందు మన క్యాలెండరు ఒకసారి తిరగేసి ఉండాల్సింది.

హాస్టళ్ళ చెల్లెమ్మా, ఈ రోజే వెళ్ళి మూడు చీటీ పుస్తకాలు కొనుక్కో. మొదటి నెల బిల్లు ఎలా వచ్చిందో ఉత్తరం రాయి. మిగతా అక్కచెల్లెళ్ళు కూడా మీ లెక్కల తిప్పలు రాయండి, తెలిసినంతలో కలిసి ఆలోచిద్దాం. ఈ వారానికి సెలవు మరి.